డ్రిల్లు మాస్టారింటి గరుకు రాయి

"రాయి కోసం అంత దూరం వెళ్ళావా?" అని తిరిగొచ్చిన దగ్గర్నుంచీ అడిగినవాళ్ళే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని ఒకేసారి కూర్చుని రాసేస్తున్నాను. అడగదలచినవాళ్ళు ఇది చదువుకుని ఆపైన నన్ను వదిలేస్తే చాలు.

తెనాలి: బయల్దేరకముందే గొడవ

మాది తెనాలి. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతాను. మా వైపు నేలంతా కాలవలూ ఒండ్రూ. కుక్కని అదిలించడానికి రాయి కావాలన్నా రైలు కట్ట దాకా నడవాలి. అలాంటి ఊళ్ళో పుట్టి ఈ రాళ్ళ చదువు ఎందుకు చదివానో మా అత్తయ్యకి ఇప్పటికీ అంతుపట్టలేదు.

నేను పరిశోధన చేస్తున్నది జాడల మీద. ఏ జంతువు ఎముకో, గుల్లో రాయిగా మారి దొరికితే అందరూ ఎగబడతారు. నాకు కావలసింది అది కాదు. అది పాకిన గీత, తవ్విన బొరియ, అడుగు పడిన గుంట. ఎప్పుడో పారిన ఏటి పక్కన, వరద తీశాక మిగిలిన మెత్తటి బురదలో, ఏ పురుగో ఏ ఎండ్రకాయో తన పని తాను చూసుకుని పోతుంది. మళ్ళీ వరదొచ్చి ఆ బొరియల్లో ఇసుక నింపుతుంది. అదంతా బిగిసి రాయయ్యేసరికి పురుగు ఉండదు, దాని తిరుగుడు మాత్రం ఉంటుంది.

ఇదంతా వివరించి చెబితే అత్తయ్య బియ్యం ఏరుతూనే అంది: "ఇల్లలికి ఆరకముందే పిల్లి నడిచిపోయినట్టు. అంతేనా?"

"అంతేనత్తయ్యా."

"దీనికి నాలుగేళ్ళ చదువా!"

ఆ నాలుగేళ్ళ చదువూ గంగలో కలిసే పరిస్థితి వచ్చింది. నా పరిశోధనని పరీక్షించే పెద్దాయన కబురు పంపారు: మీ ఫొటోలో ఉన్నవి బొరియలో, ఎండకి బీటలు పడ్డ నెర్రెలో నేను తేల్చలేను, పరీక్ష రోజున రాయి నా బల్ల మీద ఉండాలి, లేకపోతే ఆ అధ్యాయం తీసేయండి, అని. ఆ అధ్యాయం తీసేస్తే నా పుస్తకంలో మిగిలేవి అట్టలే.

ఆ రాయిని అంతకు ముందు ఏడాది విద్యార్థినులతో వెళ్ళినప్పుడు మునేటి ఒడ్డున చూశాను. ఒడ్డు కోసుకుపోయి బయటపడ్డ పలక. పీట కన్నా కాస్త పెద్దది. దాని అడుగు వైపున వేళ్ళలా, చేగోడీల్లా ఉబ్బెత్తుగా బొరియల అచ్చులు. ఫొటో తీశాను గానీ, బస్సు డ్రైవరు దాన్ని ఎక్కించనంటే ఎక్కించనన్నాడు. రాయేగా, ఎక్కడికి పోతుందిలే అనుకుని వచ్చేశాను.

ఇప్పుడు తెచ్చుకుందామంటే మా ఆయనకి సెలవు దొరకలేదు. "ఆడదానివి ఒక్కదానివీ ఏట్లో రాళ్ళు ఏరుకుంటుంటే చూసినవాళ్ళు పిచ్చిదనుకుంటారు. నేనూ వస్తా. ఇద్దరం ఏరుకుంటే భక్తి అనుకుంటారు," అని అత్తయ్య సంచీ సర్దేసింది. ఆ సంచీలో సగం జంతికలు.

నందిగామ: తుమ్ముల బస్సు

బెజవాడలో బస్సు మారాం. కంచికచర్లలో ఒకాయన మిరపకాయల బస్తా ఎక్కించి మా సీటు పక్కనే నిలబెట్టాడు. బస్తాకి చిన్న చిల్లు. బస్సు ఎగిరినప్పుడల్లా కాస్త ఘాటు బయటికొచ్చేది. ముందు అత్తయ్య తుమ్మింది. తర్వాత కండక్టరు. మునేటి వంతెన దాటేసరికి డ్రైవరుతో సహా బస్సంతా తుమ్ముతోంది. బస్తాగలాయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "ఈ ఏడు కాయ బాగా దిగిందండీ," అని అందరికీ చెప్పుకుంటున్నాడు.

"శుభమా అని బయల్దేరితే ఇన్ని తుమ్ములేమిటే!" అని అత్తయ్య గోల. ఒక తుమ్మయితే ఆగాలిగానీ ఇన్నింటికి శకునం వర్తించదని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నందిగామలో దిగి హోటల్లో కూర్చున్నాం. ప్లేటు ఇడ్లీ అర్ధరూపాయి. అల్లప్పచ్చడి ఎన్నిసార్లు అడిగినా వడ్డించేవాడు మొహం చిట్లించలేదు. మా తెనాలిలో రెండోసారి అడిగితే ఓనరు గల్లాపెట్టె దగ్గర్నుంచి దగ్గుతాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా కోర్టు వాయిదాలకి వచ్చినవాళ్ళు. వాదీ ప్రతివాదీ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే సాంబారు బకెట్టు కోసం చేతులు చాపుతున్నారు.

"ఎక్కడికండీ, తిరుపతమ్మ తల్లి దర్శనానికా?" అని అడిగాడు వడ్డించేవాడు.

నేను నోరు తెరిచేలోగా అత్తయ్య, "ఆఁ, అక్కడికే బాబూ," అంది. నా వైపు తిరిగి, "చెప్పానా! భక్తి," అని మెల్లగా గొణిగింది.

పెనుగంచిప్రోలు: గుంట మాత్రం మిగిలింది

దర్శనం అయ్యాకే రాయి అని అత్తయ్య పట్టు. అయింది. ఏటి వెంట నడుచుకుంటూ నిరుటి చోటుకి వెళ్ళాం. అదే ఒడ్డు, అదే తుమ్మచెట్టు. రాయి లేదు. రాయి ఉన్నచోట పలక ఆకారంలో గుంట ఉంది. పక్కనే బండి చక్రాల చాళ్ళు, ఎడ్ల గిట్టల గుర్తులు.

జాడలు చదువుకునే మనిషికి జాడలు మాత్రం మిగిల్చి రాయి ఎత్తుకుపోయారు! నేను అక్కడే ఇసుకలో చతికిలబడ్డాను. ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా ఏడ్చాను. అత్తయ్య సంచీలోంచి జంతిక తీసి నా చేతిలో పెట్టింది. ఆవిడ ఓదార్పు ఎప్పుడూ అంతే.

ఒడ్డు ఎక్కగానే టీకొట్టు ఉంది. కొట్టు కోటయ్య మా వాలకం చూసి, "ఏం పోయిందండీ?" అన్నాడు.

"రాయి పోయింది," అంది అత్తయ్య.

"అడుగున పురుగులు పాకినట్టుంటది, గరుకు పలక... అదేనాండీ? పేటకెళ్ళిపోయిందిగా! డ్రిల్లు మాస్టారింటికి. నేనే బండెక్కించా." కోటయ్య చాలా మంచి పని చేసినవాడిలా మొహం పెట్టాడు. "మాస్టారు స్నానాల గదిలో జారిపడి కాలిరగ్గొట్టుకున్నారండి. కట్టు విప్పారుగానీ ఆ గదిలో అడుగెట్టాలంటే భయం. ఆరి భార్య అనసూయమ్మగారు గరుకు రాయి కోసం ఊరూరా చెప్పిపెట్టింది. పేటనిండా రాళ్ళేనండీ, ఒక్కటీ గరుకుది లేదు! అన్నీ నాపరాళ్ళే, అద్దాలే!"

టీ డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. అంత దూరం నుంచి రాయిని చూడ్డానికి వచ్చినవాళ్ళని అతను అంతకు ముందెప్పుడూ చూడలేదట.

జగ్గయ్యపేట: అన్నీ రాళ్ళే

పేటలో దిగగానే అత్తయ్య నోరు వెళ్ళబెట్టింది. ఇంటి ముందు అరుగు రాయి, అరుగు ఎక్కే మెట్టు రాయి, మురిక్కాలవ మీద మూత రాయి. దొడ్డి చుట్టూ కంచె కూడా నిలువునా పాతిన నాపరాళ్ళే. "కొబ్బరికాయ కొట్టుకోడానికి ఎంత సుఖమే వీళ్ళకి!" అంది.

డ్రిల్లు మాస్టారిల్లు వెతకనక్కర్లేకపోయింది. ఆయన రిటైరై చాలా ఏళ్ళయినా గొంతు రిటైరవలేదు. వీధి మలుపులోనే వినిపించింది: "అనసూయా! కాఫీ! క్విక్ మార్చ్!"

"మార్చిలో పాలు విరిగిపోయాయి, మజ్జిగ తాగండి," అని లోపల్నుంచి జవాబు.

అనసూయమ్మగారు పొట్టిగా, చురుగ్గా ఉన్నారు. అత్తయ్యని చూసిన నిమిషంలో "వదినగారూ" అనేశారు. మేమెవరం, ఎందుకొచ్చాం అని అడక్కుండానే కాళ్ళకి నీళ్ళిచ్చి, విస్తళ్ళు వేశారు. జొన్నరొట్టె, గోంగూర, గడ్డపెరుగు. మా వైపు జొన్న అంటే గేదెలకి వేసే చొప్పే అనుకునే అత్తయ్య మూడు రొట్టెలు తింది. మాస్టారు వాలుకుర్చీలో కుడికాలు స్టూలు మీద చాపుకుని, చేతికర్ర పక్కన పెట్టుకుని, మా తిండిని పర్యవేక్షించారు. "నమిలి తినాలి! వన్, టూ!"

భోజనం అయ్యాక నేను అసలు సంగతి చెప్పాను. అనసూయమ్మగారు శ్రద్ధగా విన్నారు. పెరట్లోకి తీసుకెళ్ళి స్నానాల గది తలుపు తీశారు. నున్నటి నాపరాతి గచ్చు మధ్య నా రాయి! మేస్త్రి మంచివాడు, అడుగు వైపుని పైకి తిప్పి పరిచాడు. బొరియలన్నీ చెక్కుచెదరకుండా ఉబ్బెత్తుగా ఉన్నాయి. వాటి మీద కాస్త సబ్బు నురగ.

నేను మోకాళ్ళ మీద కూర్చుని తడిమాను. ఎంత ఆనందం వేసిందో!

"కొత్త రాయి వేయిస్తానండీ. ఇది నాకివ్వండి. దీని మీదే నా చదువంతా ఉంది," అన్నాను.

"ఇవ్వలేనమ్మా," అన్నారావిడ. కోపంగా కాదు, మామూలుగా. "ఈయన పడ్డాక నెల్లాళ్ళు స్నానం చెయ్యనని మొండికేశారు. ఆ వాసన భరిస్తూ ఇంట్లో ఉండేది నేను, నువ్వు కాదు. ఈ రాయి వేశాకే గదిలోకి రావడం మొదలెట్టారు. ఇప్పటికీ ఆ కాలి మీద బరువు మోపలేరు. నేను చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తే, ఈ రాయి మీద నిలబడి నాలుగు చెంబులు పోసుకుంటారు. మళ్ళీ పడితే ఈ వయసులో ఎముక అతుక్కోదన్నాడు డాక్టరు. నీ చదువు పోతే మళ్ళీ చదువుకోవచ్చు."

ఆవిడ చెప్పినదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. అదే పెద్ద బాధ.

పిండికట్టు

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉంటే ఉపాయం తట్టింది. రాయి ఇవ్వకపోతే మానె, అచ్చు తీసుకోవచ్చుగా? పరీక్షకుడు రాయే కావాలన్నారు, నిజమే. కానీ వట్టి చేతులకన్నా అచ్చు నయం. అచ్చుకి కావలసింది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పేటలో అది ఎవరి దగ్గరుంటుంది? మాస్టారి కాలికి పిండికట్టు వేసిన డాక్టరు దగ్గర.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. కాంపౌండరు డబ్బా ఇస్తూ, "ఎవరికండీ విరిగింది?" అన్నాడు.

"రాయికి."

అతను నన్నోసారి, అత్తయ్యనోసారి చూసి, మజ్జిగ బాగా తాగమని చెప్పాడు.

మాస్టారి స్నానం కాగానే పని మొదలెట్టాం. పిండి రాయికి అంటుకోకుండా ముందు నూనె రాయాలి. ఆ పని అత్తయ్య తీసుకుంది. పసిపిల్లకి తలంటినట్టు రాయికి ఆముదం మర్దనా చేసింది. చుట్టూ బంకమట్టి గట్టు కట్టి, ముద్దగా కలిపిన పిండి పోసి, నున్నగా సర్ది, గడప దగ్గర అత్తయ్యని కాపలా పెట్టాను. "ఇది బిగిసేదాకా ఎవర్నీ రానివ్వకండి."

"ఈగని కూడా రానివ్వను," అందావిడ.

ఈగని రానివ్వలేదేమో గానీ, లోపల్నుంచి అనసూయమ్మగారు గోంగూరలో పండుమిరప ఎంత వెయ్యాలో చెప్పడం మొదలెట్టేసరికి కాపలా కాస్తా వంటింట్లోకి నడిచింది. నేనూ అక్కడే ఉన్నాను. ముగ్గురం మాటల్లో పడ్డాం.

తిరిగొచ్చి చూస్తే తెల్లటి పిండి నట్టనడుమ ఒక పాదం. ఒక్కటే పాదం, అయిదు వేళ్ళతో సహా!

నేను తిట్టుకోవాలి. కానీ నా వృత్తి నాకు అడ్డొచ్చింది. అంత చక్కటి అడుగుజాడ నాకు ఎప్పుడూ దొరకలేదు. వంగి, కాలేజీలో పాఠం చెప్పినట్టు మొదలెట్టాను: "చూశారా అత్తయ్యా, ఇది కుడి పాదం. మడమ ఎంత లోతుగా దిగిందో! వేళ్ళు కూడా గట్టిగా నొక్కుకున్నాయి. అంటే ఒంటి బరువంతా ఈ కాలి మీదే మోపాడు. అంచులు చెదరలేదు, కాబట్టి తూలలేదు, కుంటలేదు. పక్కన చేతికర్ర గుంట కూడా లేదు. నిబ్బరంగా, పెద్ద అంగ వేసుకుంటూ వెళ్ళిన మనిషి..."

అక్కడ ఆగిపోయాను. నా వెనకాల అనసూయమ్మగారు నిలబడి ఉన్నారు.

స్నానాల గది గూట్లోంచి చుట్ట వాసన వస్తోంది. గడపలో ఒక తెల్లటి కుడికాలు. పెరట్లో నల్లటి నాపరాళ్ళ మీద ఇంకోటి, ఆపైన ఇంకోటి. వరండా మెట్టు మీద ఒకటి. అన్నీ కుడికాళ్ళే, అన్నీ ఒకే దూరంలో, పరేడులో నడిచినట్టు. అవి తిన్నగా వాలుకుర్చీ దాకా వెళ్ళాయి. కుర్చీలో మాస్టారు కళ్ళు మూసుకుని, స్టూలు మీద కాలు చాపుకుని, గాఢనిద్ర నటిస్తున్నారు. కాలికి పిండి గట్టిగా బిగుసుకుపోయింది.

"రెండోసారి కట్టు పడిందే పాపం," అంది అత్తయ్య.

వాలుకుర్చీ ముందు విచారణ

"ఎన్నాళ్ళయిందండీ?" అన్నారు అనసూయమ్మగారు.

మాస్టారు ఒక కన్ను తెరిచారు. "ఏది?"

"కాలు బాగుపడి."

"రెండు నెలలు. పైమాటేనేమో."

"రెండు నెలలా! నడుం పడిపోతున్నా నీళ్ళు మోసి, ఈ మనిషిని చెయ్యి పట్టుకుని పెరడంతా నడిపించి... దొంగచాటుగా చుట్ట కోసం మాత్రం కాలు లేస్తుందన్నమాట! ఎందుకండీ ఈ నాటకం?"

జిల్లా అంతటినీ ఎండలో నిలబెట్టి కవాతు చేయించిన మనిషి క్లాసులో దొరికిపోయిన కుర్రాడిలా తల దించుకున్నారు. ఆ గొంతులోంచి అంత చిన్న మాట వస్తుందని నేననుకోలేదు.

"బాగైందని చెబితే చెయ్యి వదిలేస్తావుగా."

ఆయనే మళ్ళీ అన్నారు: "ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ తెల్లారకముందే గ్రౌండుకి పోయేవాణ్ణి. నీతో నాలుగు మాటలు మాట్లాడింది లేదు. ఈ పెరడు దాటేటప్పుడే కదా అనసూయా మనం మాట్లాడుకుంటోంది."

ఆవిడ గిరుక్కున తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత చాలాసేపు గిన్నెలు మాట్లాడాయి. మధ్యాహ్నం ఆయనకి వడ్డించారు, మొహం చూడలేదు. సాయంత్రం కాఫీ గ్లాసు ఠప్పున పెట్టారు. అత్తయ్య నా చెవిలో, "అమ్మాయ్, నీ చదువు కాపురాలు కూల్చేదిలా ఉందే," అంది. నాకు నవ్వు రాలేదు. పచ్చగా ఉన్న ఇంట్లో నోరు జారి నిప్పు పెట్టానని బెంగ పట్టుకుంది. అచ్చు కూడా అడక్కుండా తెల్లారి మొదటి బస్సుకి పోదామనుకున్నాను.

తెల్లారింది

నేను లేచేసరికి పెరట్లో పార చప్పుడు. అనసూయమ్మగారు పక్కింటి పాలేరుని పిలిచి స్నానాల గదిలో రాయి పెకలిస్తున్నారు. ఆముదం పోవడానికి కుంకుడుకాయతో రుద్ది కడిగి, పాతచీరలో చుట్టి, తాళ్ళతో కట్టించారు.

"తీసుకెళ్ళమ్మా," అన్నారు.

నాకు అర్థం కాలేదు. "మరి... మాస్టారు? అంతా నున్నటి గచ్చు. జారితేనో?"

"నేను లేనూ? పట్టుకుంటాలే," అన్నారావిడ, చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ. "రాయి ఉంటే ఇక నా అవసరమేముంది?"

నేను వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాను. పిండి అచ్చు మాత్రం ఆవిడ ఇవ్వలేదు. వంటింటి కిటికీలో నిలబెట్టుకున్నారు. "ఇది నా దగ్గరుండాలి. నడుం నొప్పి, భుజం నొప్పి అని మళ్ళీ ఏదో ఒకటి ఎత్తుకుంటారుగా, అప్పుడు చూపిస్తా."

తర్వాత జరిగినవి ముందే చెప్పేస్తాను. బస్సులో ఆ మూట ఏమిటని కండక్టరు అడిగితే, అత్తయ్య దాని మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, "మా ఇంటి దేవుడు," అంది. పరీక్షలో ఆ పెద్దాయన కళ్ళజోడు తీసి, రాయిని వేళ్ళతో తడిమి, నెర్రెలు కావని ఒప్పుకున్నారు. అధ్యాయం ఉండిపోయింది. ఈ సందులో సబ్బు ముక్క ఎలా వచ్చిందని ఒక్క ప్రశ్న మాత్రం వేశారు.

కానీ నాకు గుర్తుండిపోయింది పరీక్ష కాదు. ఆ పొద్దున రిక్షాలో రాయి పెట్టుకుని మలుపు దాకా వచ్చాం. వెనకాల ఆ ఇంటి పెరట్లోంచి గొంతు వినబడింది. మాస్టారిది కాదు, అనసూయమ్మగారిది.

"చెయ్యి ఇవ్వండి. ఆఁ. లెఫ్ట్... రైట్... లెఫ్ట్... మెల్లగా అండీ, తొందరేముంది?"